బిగుసుకుపోయిన క్రాంక్ పుల్లీని ఇంజను చెడకుండా ఎలా ఊడదీయాలి?

ప్రశ్న: సుమారు నలభై ఏళ్ల కిందట మా నాన్నగారు కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. కొంతకాలంగా ఇంజను ముందు భాగంలో, ఫ్యాన్ బెల్టు తిరిగే కింది పుల్లీ వెనక నుంచి ఆయిలు కారుతోంది. సీలు మార్చాలంటే పుల్లీ తీయాలన్నారు. మెకానిక్ నడిమి బోల్టు విప్పారు. మూడు కాళ్ల పుల్లర్‌ను పుల్లీ అంచుకు తగిలించి బిగిస్తే అంచులో బొటనవేలంత ముక్క ఊడిపోయింది. తర్వాత చాలాసేపు సుత్తితో కొట్టారు. పుల్లీ కదల్లేదు. ఇప్పుడు గ్యాస్‌తో కోసేద్దామంటున్నారు. కోయించవచ్చా? ఆ దెబ్బలకు క్రాంక్ షాఫ్టు పాడై ఉంటుందా? ఊడిన ముక్కను వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా? నాన్నగారికి ఈ బండి ప్రాణం. నా చేతుల్లో అది పాడవకూడదు.
- ఒక పాఠకుడు, తెనాలి దగ్గరి గ్రామం

సమాధానం: గ్యాస్‌తో కోయించవద్దు. ఈ ఒక్క విషయంలో మెకానిక్ మాటకు మొహమాటపడకండి. పుల్లీ పోతే ఇంకొకటి దొరుకుతుంది, దొరక్కపోతే లేతు మీద చేయించుకోవచ్చు. దాని లోపలున్న క్రాంక్ షాఫ్టు కొస మాడినా, పుల్లీని షాఫ్టుతో కలిపి తిప్పే చిన్న ఉక్కు ముక్క (కీ) కూర్చునే గాడి చెడినా ఇంజను మొత్తం విప్పి షాఫ్టును బయటికి తీయాల్సి వస్తుంది. పైగా పుల్లీ పోత ఇనుముది, షాఫ్టు ఉక్కుది. పోత ఇనుము గ్యాస్ కటింగ్‌కు శుభ్రంగా తెగదు, కరిగి ముద్దకడుతుంది. ఉక్కు మాత్రం చక్కగా తెగుతుంది. అంటే మీరు కోయాలనుకున్నది కోతకు లొంగదు, కాపాడుకోవాల్సినది ఇట్టే తెగుతుంది. ఈ పని పూర్తయ్యేదాకా ఒక్కటే గుర్తుంచుకోండి: బలమైనా, వేడైనా, కోతైనా పుల్లీ దగ్గరే ఆగిపోవాలి, షాఫ్టు దాకా పోకూడదు. నేను కింద చెప్పేదంతా దాని కోసమే.

ముందుగా మీ రెండో ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే ఏమీ విప్పకుండానే కొంత తేల్చుకోవచ్చు. క్రాంక్ షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా లోపల థ్రస్ట్ వాషర్లు ఆపుతాయి. పుల్లీ మీద సుత్తితో కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ వాటి మీదే పడుతుంది. ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి క్లచ్ పెడల్‌ను పూర్తిగా తొక్కి వదలమనండి. ఇంజను ఆగి ఉండగానే ఇది చేయాలి. మీరు ముందు కూర్చుని పుల్లీనే గమనించండి. క్లచ్ తొక్కినప్పుడు షాఫ్టు ముందుకు నెట్టుకుంటుంది. ఆ కదలిక కంటికి కనీ కనిపించనంత ఉంటే భయం లేదు. అర మిల్లీమీటరు దాకా ఆడుతుంటే అది మామూలు అరుగుదల కాదు, సీలు పనికన్నా ముందు థ్రస్ట్ వాషర్ల సంగతి చూడాలి. డయల్ గేజి ఉన్న వర్క్‌షాపువాళ్లు దీన్ని కచ్చితంగా కొలిచి చెబుతారు. ఇంజన్ ఆయిలు తీసినప్పుడు పళ్లెంలో పట్టి ఎండలో చూడండి. లోహపు పొరలు తళుక్కుమంటే అదీ ఒక హెచ్చరికే. సుత్తి దెబ్బలకు ఇంత లావు షాఫ్టు వంగి ఉంటుందని మాత్రం నేను అనుకోను. వంకరపోతే పుల్లీ అంచే పోయి ఉంటుంది.

ఇంకో పరీక్ష కూడా ఇప్పుడే చేయండి. కారేది నిజంగా సీలు నుంచేనా? టైమింగ్ కవర్ (ఇంజను ముందువైపు గేర్లను మూసి ఉంచే మూత) ప్యాకింగ్ పోయినా ఆయిలు కిందికి జారి పుల్లీ వెనకే చేరుతుంది, తిరిగే పుల్లీ దాన్ని చుట్టూ చిమ్ముతుంది. బ్రీదర్, అంటే ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి, పూడిపోతే ఇంజను లోపల గాలి ఒత్తిడి పెరిగి, మంచి సీలును కూడా తోసుకుని ఆయిలు బయటికి వస్తుంది. పాత ఇంజన్లలో బ్రీదర్‌ను ఎవరూ పట్టించుకోరు. దుమ్మూ ఆయిలూ కలిసి అందులో గట్టిపడి ఉంటాయి. దాన్ని విప్పి కిరోసిన్‌లో కడిగి ఎండబెట్టడం ఏమంత పని కాదు. అది చేయకుండా సీలు ఒక్కటే మారిస్తే వచ్చే సీజనుకు మళ్లీ ఇదే కథ.

ఇక పుల్లీ. మీ ట్రాక్టరు నిర్మాణం తెలిస్తే మూడు కాళ్ల పుల్లర్ ఎందుకు పనిచేయలేదో అర్థమవుతుంది. ఫెర్గూసన్ ట్రాక్టర్లకు లారీల్లాగా విడిగా చాసిస్ ఉండదు. ఇంజను, గేరుబాక్సు, వెనక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగిసి బరువంతా అవే మోస్తాయి. ముందు ఇరుసును పట్టుకునే పోత దిమ్మ నేరుగా ఇంజను ముందు భాగానికే బిగిసి ఉంటుంది, దాని మీద రేడియేటర్ కూర్చుంటుంది. ఇంగ్లండులోని పీటర్‌బరోలో పర్కిన్స్ కంపెనీ రూపొందించిన మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్ల వంశమే మీది. మద్రాసులో సింప్సన్ కంపెనీ వాటిని ఇక్కడ తయారు చేసింది. 1960లో మొదలైన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన రైతులకు అందించింది. ఈ బళ్లలో పుల్లీకీ ముందు దిమ్మకూ మధ్య ఉండే సందు చాలా తక్కువ. ఆ ఇరుకులో నిటారుగా లాగే సాధనం పట్టదు. పట్టినా ఏటవాలుగా పట్టుకుంటుంది, అంచును విరుస్తుంది.

కాబట్టి ముందు చోటు చేసుకోండి. పుల్లీ నడిమి దళసరి భాగమైన హబ్ షాఫ్టు మీద ఎంత లోతు కూర్చుందో, పుల్లీ ముందు ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. పుల్లీ పూర్తిగా జారి బయటికి రావడానికి ఆ ఖాళీ చాలదని మీకే తెలుస్తుంది. ఎలాగూ సీలు మార్చాలంటే టైమింగ్ కవర్ తీయాలి, దానికి ముందు భాగం విడదీయక తప్పదు. రేడియేటర్ నీళ్లు తీసి, గొట్టాలు విప్పి, స్టీరింగ్ రాడ్లను ఇరుసు నుంచి తప్పించి, రేడియేటరూ ఇరుసూ దిమ్మా అన్నీ కలిపి ఒకే ముక్కగా ముందుకు నెట్టేయాలి. దీని కోసం వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. ఇంజను బరువును సంప్ (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) కింద వెడల్పాటి చెక్క మొద్దులతో గట్టిగా ఆపండి. జాకీ ఒక్కదాని మీద వదిలేసి ఎవరూ దాని కిందికి వెళ్లకూడదు. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ముందు ఇరుసు నడిమి పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. విడదీసేముందు ఇరుసుకూ దిమ్మకూ మధ్య రెండు పక్కలా చెక్క చీలికలు బిగించకపోతే, ఊడిన మరుక్షణం రేడియేటర్‌తో సహా ఆ బరువంతా ఒక పక్కకు ఒరిగిపోతుంది. కాళ్ల మీద పడితే ఎముకలు మిగలవు. ఇద్దరు మనుషులు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ముందు భాగం తప్పుకున్నాక పుల్లీ మీకు ఎదురుగా, చేతికి అందేలా ఉంటుంది. ఇప్పుడు హబ్‌ను వైర్ బ్రష్‌తో శుభ్రంగా తోమి చూడండి. పుల్లీని షాఫ్టు పట్టుకుని ఉన్నది నడిమి హబ్ దగ్గర. అంచు దానికి చాలా దూరం. అంచును పట్టి లాగితే ఆ బలం సన్నటి పోత పలక గుండా హబ్ దాకా వెళ్లాలి. పోత ఇనుము నొక్కుడును బాగా భరిస్తుంది, లాగుడుకూ వంపుకూ ఓర్వదు, సాగకుండా పుటుక్కున విరుగుతుంది. మీ పుల్లీ విరిగింది అందుకే. హబ్‌ను పట్టి లాగాలి, అంచును తాకనే కూడదు.

హబ్ ముఖం మీద మరలు ఉన్న రంధ్రాలు రెండో మూడో ఉన్నాయేమో వెతకండి. మట్టీ గ్రీజూ పూడుకుని కనిపించకుండా ఉంటాయి. ఉంటే మీ పని సగం అయినట్లే. ఆ మరల విషయంలో ఒక జాగ్రత్త: ఈ వంశపు పాత ఇంజన్లలో అంగుళాల కొలత మరలు ఉంటాయి. 3/8 అంగుళాల ముతక మర బోల్టూ, 10 మిల్లీమీటర్ల బోల్టూ చూడటానికి కవలల్లాగే ఉంటాయి. మొదటిది 9.5 మిల్లీమీటర్లే, మర అంతరంలోనూ కొద్ది తేడా. బలవంతంగా ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి ఇరుక్కుని మర మొత్తాన్నీ చెరిపేస్తుంది. బోల్టు వేలితో తిరిగి లోపలికి వెళ్లాలి. వేలితో వెళ్లకపోతే అది ఆ రంధ్రానిది కాదు.

రంధ్రాలు లేకపోతే చేసుకోవచ్చు. ఈ పుల్లీ ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి సంకోచం అక్కర్లేదు. హబ్ దళసరిగా ఉన్న చోట, కీ గాడికి దూరంగా, నడిమికి సరిగ్గా ఎదురెదురుగా రెండు చోట్ల 8.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం వేసి 10 మిల్లీమీటర్ల ట్యాప్‌తో లోపల మరలు కోయించండి. డ్రిల్లు వెనక్కి దూసుకుపోయి టైమింగ్ కవర్‌ను పొడవకుండా బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. బోల్టు మర కనీసం దాని మందమంత లోతు, అంటే 10 మిల్లీమీటర్లకు తగ్గకుండా పట్టుకోవాలి. 8.8 అని తల మీద ముద్ర ఉన్న బోల్టులు వాడండి. సాధారణ తలుపు బోల్టులు ఆ లాగుడుకు సాగిపోతాయి.

పుల్లర్ కొనాల్సిన పని లేదు. వెల్డింగ్ షాపులో 20 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ ముక్క తీసుకుని, అటూ ఇటూ రెండు రంధ్రాలు, నడుమ లావాటి మర బోల్టు తిరిగే రంధ్రం చేయిస్తే అదే పుల్లర్. పక్క బోల్టులు హబ్‌లోకి వెళ్తాయి, నడిమి బోల్టు షాఫ్టు కొసను నెడుతుంది. ఇందులోని గొప్పతనం ఏమిటంటే, ఆ బలమంతా హబ్‌కూ షాఫ్టు కొసకూ మధ్యే తిరుగుతుంది. థ్రస్ట్ వాషర్లకు గానీ బేరింగులకు గానీ పాకదు. సుత్తికీ పుల్లర్‌కూ తేడా ఇదే. నేను సుత్తి వద్దని పట్టుబట్టడానికి కారణమూ ఇదే.

అయితే నడిమి బోల్టును నేరుగా షాఫ్టు కొసకు ఆనించకండి. అక్కడ పుల్లీ బోల్టు తిరిగే మర రంధ్రం ఉంది. దాని మొదటి మరలు నలిగితే కొత్త బోల్టు ఎక్కదు. లేతు దగ్గర ఉక్కుతో చిన్న బిళ్ల చేయించండి. దాని బుడిపె రంధ్రంలోకి వదులుగా దిగాలి, భుజం షాఫ్టు ముఖం మీద ఆనాలి. బిళ్ల వ్యాసం హబ్ రంధ్రం కన్నా తక్కువ ఉండాలి, లేదంటే బయటికొచ్చే పుల్లీకి బిళ్లే అడ్డం పడుతుంది.

పుల్లర్ బిగించే ముందు రోజు హబ్‌కూ షాఫ్టుకూ మధ్య సందులో తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయండి. మర్నాడు నడిమి బోల్టుకు గ్రీజు రాసి, రెండు పక్కలా సమంగా లాగుతోందో లేదో చూసుకుంటూ బిగించండి. గట్టిగా బిగుసుకున్నాక ఆపండి. పొడవాటి పైపు తగిలించి ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకండి. ఆ బిగువులోనే రాత్రంతా ఉంచితే పొద్దున్నే టక్కుమని వదిలిన పుల్లీలు ఎన్నో. బిగించేటప్పుడు ఎవరూ పుల్లీకి ఎదురుగా నిలబడకూడదు. బోల్టు తెగితే అది బుల్లెట్టే.

అప్పటికీ రాకపోతే వేడి. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మీ పెద్దవాళ్లు చూసే ఉంటారు. కాల్చిన పట్టా సాగి చక్రం మీద కూర్చుని, చల్లారాక బిగుసుకుంటుంది. ఇక్కడ అదే పని తిరగేసి చేస్తాం. హబ్ రంధ్రం 40 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, షాఫ్టు కన్నా హబ్ 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఆ రంధ్రం సుమారు 0.04 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. వినడానికి ఏమీ కాదు, తుప్పు పట్టును వదిలించడానికి చాలా ఎక్కువ. ఈ లెక్కలో కీలకం హబ్‌కూ షాఫ్టుకూ మధ్య తేడా. నిదానంగా గంటసేపు కాలిస్తే షాఫ్టు కూడా వేడెక్కి సాగుతుంది, ప్రయోజనం ఉండదు. పుల్లర్‌ను ముందే బిగించి ఉంచి, వెడల్పాటి మంటతో హబ్ చుట్టూ తిప్పుతూ త్వరగా వేడి చేయాలి. నీటి చుక్క పడితే చిటపటమని ఎగిరిపోయేంత వేడి చాలు, ఎర్రబారనివ్వకండి. వెంటనే నడిమి బోల్టును ఇంకో పావు చుట్టు తిప్పండి. వేడి పుల్లీ మీద నీళ్లు మాత్రం పోయకండి, పోత ఇనుము పగులుతుంది.

మంట పెట్టేముందు నిన్న పోసిన నూనెనూ, కారిన ఆయిలునూ గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. డీజిల్ ట్యాంకు కుళాయి కట్టేసి, బ్యాటరీ తప్పించి, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోండి. ఆ వేడికి లోపలి రబ్బరు సీలు పాడవుతుంది. దాన్ని ఎలాగూ పారేస్తున్నాం కదా.

దానికీ లొంగకపోతే, చాలా అరుదుగా అలా జరుగుతుంది, అప్పుడు కోయవచ్చు. గ్యాస్‌తో కాదు, సన్నటి చక్రం ఉన్న గ్రైండర్‌తో. ఎక్కడ కోయాలన్నది ముఖ్యం: సరిగ్గా కీ ఉన్న గీత మీద. షాఫ్టుకూ పుల్లీకీ మధ్య ఉండే అర్ధచంద్రాకారపు కీ అక్కడే ఉంటుంది కాబట్టి, చేయి కొంచెం తప్పి లోతుగా దిగినా తెగేది కీ, షాఫ్టు కాదు. హబ్ మందంలో ముప్పాతిక వంతు కోసి ఆపి, ఆ గాటులో ఉలి పెట్టి ఒక దెబ్బ వేస్తే హబ్ విచ్చుకుని పట్టు వదిలేస్తుంది.

నడిమి బోల్టే ఇంకా విప్పలేదన్న పాఠకుల కోసం ఒక మాట. క్రాంక్ తిరగకుండా ఆపాలంటే బండిని పై గేరులో వేసి రెండు బ్రేకులూ కలిపి తొక్కాలి. కింది గేరులో క్రాంక్ బలం చక్రాల దగ్గర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి బ్రేకు ఆపలేదు. టైర్ల షాపులో ఉండే గాలి గన్నుతో అయితే ఆ అవసరమూ ఉండదు. స్పానర్‌ను నేలకు ఆనించి స్టార్టర్ కొట్టి బోల్టు విప్పే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దాన్ని దగ్గరికి కూడా రానివ్వకండి. డీజిల్ ఇంజను అంటుకుందంటే ఆ స్పానర్ ఎవరి కాలికి తగులుతుందో చెప్పలేం.

ముక్కను వెల్డింగ్ చేయించవద్దు. పోత ఇనుమును ఒకచోట కాల్చి అతికితే పక్కన సన్నటి పగుళ్లు పుడతాయి, నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే చోట అవి పెరుగుతాయి. అంచు ఎగుడుదిగుడుగా ఉంటే బెల్టునూ కోసేస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత ట్రాక్టర్ల విడిభాగాలమ్మే దుకాణాల్లో అడగండి. వెళ్లేటప్పుడు పాత పుల్లీ వెంట తీసుకువెళ్లి హబ్ రంధ్రం, హబ్ పొడవు, కీ వెడల్పు, బెల్టు గాడి లోతు నాలుగూ సరిచూసుకోండి. పాత పుల్లీ మీద టైమింగ్ గుర్తు ఉంటే, కీ గాడి నుంచి అది ఎంత దూరంలో ఉందో కొత్తదాని మీదా అంతే ఉండాలి.

కొత్త పుల్లీ కాకుండా వాడినది దొరికితే సీలు ఆనే హబ్ నున్నటి భాగం మీద గోరు పెట్టి అటూ ఇటూ జరపండి. గోరు తగులుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా అక్కడ నిలవదు. ఆ భాగం మీద సన్నటి ఉక్కు తొడుగు ఎక్కించుకోవచ్చు. అది దొరక్కపోతే, కవర్‌లో చోటు ఉన్నంతవరకు సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇటు జరిపి కూర్చోబెడితే దాని పెదవి అరగని చోట ఆనుతుంది.

బిగించేటప్పుడు తొందరలో దాదాపు అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది. సీలు టైమింగ్ కవర్‌లో ఉంటుంది, పుల్లీ షాఫ్టు మీద ఉంటుంది. కవర్ బోల్టులన్నీ ముందే బిగించేసి తర్వాత పుల్లీ ఎక్కిస్తే, కవర్ వెంట్రుకంత పక్కకు ఉన్నా సీలు ఒక వైపే నొక్కుకుని కొద్ది వారాల్లో కారుతుంది. కవర్ బోల్టులను వదులుగా ఉంచి, సీలు పెదవికి గ్రీజు రాసి, పుల్లీని ఎక్కించి, కవర్ దానంతటదే నడిమికి సర్దుకున్నాక బోల్టులు బిగించాలి. కొత్త కీ వేయండి, షాఫ్టునూ హబ్ లోపలినీ సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది పలుచగా గ్రీజు రాయండి. పుల్లీని సలసల కాగే నీళ్లలో కాసేపు ఉంచి తీసి, తుడిచి ఎక్కిస్తే సుత్తి అవసరం రాదు. సీలుకు ఆ వేడి పెద్ద లెక్క కాదు, కానీ చేతులకు మందపాటి గుడ్డ తప్పనిసరి.

నడిమి బోల్టును మీ ఇంజను మాన్యువల్‌లో ఇచ్చిన అంకె ప్రకారం టార్క్ స్పానర్‌తో బిగించండి, దాని కింది మందపాటి వాషర్ మరవకండి. వదులు బోల్టు కింద పుల్లీ ఆడి ఆడి కీ గాడిని అరగదీస్తుంది. ముందు భాగాన్ని తిరిగి కలిపేముందే స్టార్టర్‌తో ఇంజనును ఊరికే నాలుగు చుట్లు తిప్పించి, పుల్లీ అంచు వంకర లేకుండా తిరుగుతోందో లేదో, పక్కన ఒక కడ్డీ నిలిపి దాన్ని గుర్తుగా చూడండి. డీజిల్ ఆపే తీగ లాగి ఉంచి తిప్పాలి. వంకర కనిపిస్తే అప్పుడే విప్పడం తేలిక, ఇరుసూ రేడియేటరూ ఎక్కించాక మళ్లీ రోజంతా పడుతుంది.